సలీం భాయ్ గొంతు

దయ్యాలు, గాలి, చేతబడి, వీటిల్ల దేన్నీ నేను నమ్మేటోన్ని కాదు. ఇప్పటికీ నమ్మ. ముందుగాల ఇది చెప్పకపోతె మీరు నన్ను గా బాపతు మనిషే అనుకుంటరు. మా ఇల్లు ఉప్పుగూడ స్టేషన్‌కు అవతల. ఎనుక గోడకు ఆనుకొనే సమాధులున్నయ్. ఎండకాలం ఇంట్ల ఉక్కపోస్తే గా గోడ పక్కనే మంచమేస్కొని గుర్రు పెట్టి పండుకుంట. మా ఆమె సుజాత నా బండికి నిమ్మకాయ, మిరపకాయలు కడ్తె, ఒకపారి గా నిమ్మకాయ ఇప్పి పప్పుల పిండుకొని తిన్న. వారం రోజులు నాతోని మాట్లాడలే.

గందుకే ఈ సంగతి ఇన్ని దినాలు ఎవ్వలికి చెప్పలే. చెప్తె నన్నే ఎక్కిరిస్తరు, నేను మస్తు మందిని ఎక్కిరించినోన్ని కాబట్టి.

నాది చెరువు పని. పాతబస్తీ అంచుల ఉన్న ఒక పెద్ద చెరువుల గుర్రపుడెక్క తీసే కాంట్రాక్టు గ్యాంగుల తొమ్మిదేండ్లు చేసిన. గుర్రపుడెక్క పచ్చగ పర్సుకొని నీళ్లు కనవడకుంట చేస్తది. ఇద్దరికొక చిన్న ఫైబర్ పడవ. ముందల ఒకలు, ఎనుక ఒకలు, చేతులల్ల తెడ్లు. డెక్కను కొక్కెంతోని గుంజి, కుప్ప చేసి, తాడు కట్టి ఒడ్డుకు లాగాలె.

నా జోడి సలీం భాయ్. యాకుత్‌పురా మనిషి, నాకంటె పన్నెండేండ్లు పెద్ద. ఒకప్పుడు ఆయనది ఏం గొంతు! ఈ ఒడ్డున నిలవడి ఆవాజ్ ఇస్తే ఆ ఒడ్డున కొంగలు లేసేటియి. ఈ సంగతికి ఏడాదిన్నర ముందు గొంతుల గడ్డకు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది గని గొంతు పోయింది. నరం దెబ్బతిన్నదన్నరు. అప్పట్సంది ఆయన నోట్లకెళ్లి గాలే వస్తది, ఆవాజ్ రాదు. చెవి ఆయన మూతి దగ్గర పెడ్తెనే ఏమంటుండో తెలుస్తది. ఫోనొస్తే ఆయన బేగం జహేరా ఆపానే మాట్లాడ్తది.

నేను వాగుతనే ఉంట, ఆయన తల ఊపుతుంటడు. గట్ల కుదిరింది మా జోడి. "నా పెండ్లామన్న నోరు మూస్కో అంటది భాయ్, నువ్వు గది కూడ అనలేవు" అని ఆటపట్టిస్తుంటి. ఆయన నవ్వి, తెడ్డుతోని నా మీద నీళ్లు జల్లేటోడు.

పడవ మీద మాకొక కాయిదా ఉండె. ఆపాలంటె "ఆగు" అనొద్దు. మా గ్యాంగుల సగం మంది తెలుగోళ్లు, సగం మంది ఉర్దూ మాట్లాడేటోళ్లు. మనం "ఆగు" అంటె వాళ్ల చెవుల "ఆగే" అని పడ్తది, అంటె ముందుకు పో అని. ఆపమంటె పడవ ఇంకింత జోరుగ పొయ్యేది. ఒకట్రెండు సార్లు పడవలు గుద్దుకొని లొల్లయినంక సలీం భాయే చెప్పిండు, గొంతున్న దినాలల్ల. నీళ్ల మీద ఎవలైనా సరే, ఆపాలంటె "ఠైరో" అనాలె. తొమ్మిదేండ్లు నేను గదే అన్న.

ఇంకొక కాయిదా కూడ ఉండె, దాన్నైతె ఎవ్వలం లెక్క చెయ్యలే. అందరికి నారింజ రంగు లైఫ్ జాకెట్లు ఇచ్చిండ్రు. చలికాలం పొద్దుగాల పడవల కూసునే చెక్క మంచుకు తడిసి, కూసుంటె సుర్రున సల్లగ తగుల్తది. జాకెట్ కిందేస్కుంటె మెత్తగుంటది, ప్యాంటు తడ్వది. గ్యాంగంత గట్లనే కూసుంటుంటిమి.

ఒకపారి ట్రైనింగ్ ఇయ్యనీకె ఒక సారొచ్చిండు. సల్లటి నీళ్లల్ల పడ్తె మొదటి నిమిషమే గండం అన్నడు. ఊపిరి ఒక్కసారిగ లోపలికి గుంజుకుంటదంట. అప్పుడు ఈత కొట్టాలని చూడొద్దు, దొరికింది పట్టుకొని శ్వాస బయటికి వదలాలె, పడవను ఇడ్సి పోవద్దు అన్నడు. నేనేమో బాయిల దుంకి ఈత నేర్చినోన్ని. "ఏంది సారు, గిది కశ్మీరా?" అని అడిగిన. అందరు నవ్విండ్రు. సారు కూడ పాపం నవ్విండు గని, జాకెట్ ఏస్కోండి ఏస్కోండి అని పొయ్యేదాక అంటనే ఉన్నడు.

సలీం భాయ్‌కి ఈత రాదు. అన్నేండ్లు చెరువు మీద బతికిన మనిషికి ఈత రాదంటె మీరు నమ్ముతరా? ఆ రోజు ఆయన కూడ జాకెట్ కిందేస్కొనే కూసున్నడు.

జనవరి నెల. పొద్దున ఏడు కావస్తున్నది. పొగమంచు ఎంతుందంటె, తెడ్డు కొస కనవడ్తలేదు. నేను ముందల, సలీం భాయ్ ఎనుక. నా ఒంటి మీద స్వెటరు, దాని మీద జర్కిన్, మెడకు మఫ్లర్.

నిమజ్జనమైన పెద్ద విగ్రహాల ఇనుప చట్రాలు కొన్ని క్రేనుకు అందక చెరువు అడుగునే ఉండిపోతయ్. ఆ ఏడు నీళ్లు తగ్గినయ్. ఒక చట్రం నీళ్లకు బెత్తెడు కింద నిలవడి ఉన్నది. అది నా కండ్ల పడేసరికి రెండు గజాల దూరం కూడ లేదు. భయానికి కాయిదా గీయిదా అన్ని మర్శిపోయిన. చిన్నప్పటి మాటే నోట్లకెళ్లి వచ్చింది. "ఆగు! ఆగు!" అని ఒర్లిన.

ఎనుక సలీం భాయ్ గట్టిగ రెండు తెడ్లు ఏసిండు. ఆగే అన్ననుకొని, నీళ్ల మీద నేను ఆగు అనంగ ఆయన ఎన్నడు ఇనలే కద.

పడవ చట్రం మీదికెక్కి పక్కకు ఒరిగి బోర్ల పడ్డది. తెడ్డు కట్టె నా మూతికి తాకి, నాలుక పండ్ల నడుమ పడి తెగింది. ఇద్దరం నీళ్లల్ల పడ్డం.

హైదరాబాద్ నీళ్లు ఎంత సల్లగుంటయ్ లే అని మీరు నవ్వొచ్చు, నేను నవ్వినోన్నే. పడంగనే ఛాతి మీద ఎవలో గుద్దినట్టయింది. నోరు దానంతట అదే తెర్సుకున్నది. ఊపిరి లోపలికే పోతున్నది, బయటికి వస్తలేదు. నీళ్లు, రక్తం కలిపి మింగిన. స్వెటరు తడిసి కిందికి గుంజుతున్నది. ఈతగాన్ని అని ఇర్రవీగినోన్ని, చేతులు ఎటు పడ్తె అటు కొట్టుకున్నయ్.

బోర్ల పడ్డ పడవ తేలుతున్నది. దాని అడుగంత నాచు పట్టి సబ్బు లెక్క జారుతున్నది, పట్టుకోనీకె ఏం లేదు. అటు పక్క సలీం భాయ్ తల కనవడ్డది. ఆయన చెయ్యి పడవ మీదికేసి తడుముతుండు. నేను ఇటుకెళ్లి చెయ్యి చాపి ఆయన మణికట్టు దొరకబట్టిన, ఆయన నాది పట్టిండు. పడవ నడుమల, మేం చెరో దిక్కు ఏలాడుతున్నం. ఒకలు ఇడ్సిపెడ్తె ఇద్దరం జారుతం. నాకైతె ఈత వస్తది, ఆయన మాత్రం మునుగుతడు.

జాకెట్లు రెండు మంచులకు తేల్కుంట పోయినయ్.

మందిని పిలుద్దామంటె నా నాలుక తెగి, మూతి వాచి, గరగర తప్ప మాట వస్తలేదు. ఆయనకు ఎట్లయిన రాదు. ఇంత పెద్ద పట్నంల ఇద్దరం నోర్లు లేకుంట నీళ్లల్ల ఉన్నం.

గట్ల ఎంతసేపున్నమో అప్పుడు తెల్వలే. తర్వాత అందరు లెక్కేస్తే ఇరవై నిమిషాలకు పైనే అన్నరు. కొంతసేపటికి నా వణుకు తగ్గింది. తగ్గుతే మంచిదే అనుకున్న గని, అది మంచిది కాదంట. వేళ్లు నాయి కానట్టయినయ్. సలీం భాయ్ పట్టు సడలింది. ఆయన వేళ్లు ఊరికె నా మణికట్టు మీద ఉన్నయ్, బరువంత నా చేతి మీదనే పడ్డది. ఆయన కండ్లు మూసుకున్నడు. ఒడ్డు దిక్కు ఆటోల హారన్లు దగ్గరనే ఇనవడ్తున్నయ్.

ఇప్పుడు చెప్పేది సుజాతకు కూడ చెప్పలే. నేను ఆయన చెయ్యి ఇడుద్దామనుకున్న.

ఈదుకుంట ఒడ్డుకు పోయి మందిని తీస్కొస్త, గట్లయితె ఇద్దరం బతుకుతం అని మనసుకు సర్ది చెప్పుకున్న. అది అబద్ధం. నాకు బతకాలనిపించింది, గంతే. నాకు ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి అప్పుడు ఆరేండ్లు. జహేరా ఆపా అడుగుతె ఏం చెప్పాల్నో కూడ అనుకున్న. చెయ్యి జారిపోయిందాపా అని చెప్త అనుకున్న. ఛీ, గిట్లాంటి మనిషినా నేను అని ఇప్పుడు తల్సుకుంటె సిగ్గయితది. ఆయన మణికట్టు మీదికెళ్లి నా చిటికెన వేలు తీసిన. దాని పక్క వేలు తీసిన.

అప్పుడు ఇనవడ్డది.

"ఠైరో. సాంస్ ఛోడ్. హాత్ నక్కో ఛోడ్."

ఆగు, శ్వాస ఇడువు, చెయ్యి మాత్రం ఇడువద్దు అని. అది సలీం భాయ్ గొంతు. ఆపరేషన్‌కు ముందటి గొంతు. ఒర్లినట్టు కాదు, చాయ్ తాగుకుంట చెప్పినంత నిమ్మలంగ ఉన్నది. పడవకు అటు పక్కకెళ్లే వచ్చింది. నేను ఆయన మూతి చూసిన. పెదవులు నల్లగయి అతుక్కొని ఉన్నయ్. మల్ల ఇనవడ్డది. సాంస్ ఛోడ్, హాత్ నక్కో ఛోడ్. నేను చూస్తనే ఉన్న, ఆ పెదవులు కదలలే.

నాకు భయమైతె కాలే. చెప్పినట్టు ఊపిరి పొడుగ్గ బయటికి ఇడ్సిన. తీసిన వేళ్లు మల్ల ఏసిన. ఆ మాట ఎన్ని సార్లు ఇనవడ్డదో, అన్ని సార్లు ఊపిరి ఇడ్సిన. కొంచెంసేపటికి ఆయన వేళ్లు కూడ నా మణికట్టు మీద బిగిసినయ్.

మమ్ములను బతికిచ్చింది ఆ జాకెట్లే. మనుషులు లేని జాకెట్లు రెండు తేల్కుంట రావడం చూసి, మా గ్యాంగుల యాదగిరి, చాంద్ పాషా పడవేస్కొని మంచులకు వచ్చిండ్రు. నా వేళ్లు బిగుసుకపోతె ఒక్కొక్కటి వాళ్లే ఇప్పిండ్రంట. ఒడ్డు మీద తడి బట్టలు ఇడ్పిచ్చి, కంబళ్లు చుట్టి, దవాఖానకు తీస్కపోయిండ్రు. అప్పట్సంది నేనున్న గ్యాంగుల జాకెట్ ఏస్కోకుంట ఎవ్వన్ని పడవెక్కనియ్య. పట్టీలు నేనే గుంజి చూస్త. కిందేస్కొని కూసున్నోన్ని వాని అమ్మనాయినలు కూడ తిట్టనన్ని తిట్లు తిడ్త.

యాదగిరిని తర్వాత అడిగిన, మా దగ్గరికి రాంగ ఏమన్న ఆవాజ్ ఇనవడ్డదా అని. "సడీసప్పుడు లేదన్నా. మీరు పోయిండ్రనే అనుకున్నం" అన్నడు.

నాలుకకు నాలుగు కుట్లు పడ్డయ్. మాట్లాడొద్దన్నరు. డాక్టరమ్మకు కాయితం మీద రాసి చూపిచ్చిన, నీళ్లల్ల గిట్ల ఇనవడ్డదని. చలికి మెదడు గట్ల చేస్తది, ఎరుకైన గొంతులు ఇనిపిస్తది అన్నదామె. నేను ఒప్పుకున్న. సలీం భాయ్ ఠైరో అనంగ నేను ఎన్నో సార్లు ఇన్న, సాంస్ ఛోడమన్నది ట్రైనింగ్ సారు చెప్పిందే. అవన్ని నా బుర్రల ఉన్నయే. నా వరకైతె ఆ జవాబు సరిపోతది, నేనింక దాని గురించి ఫికర్ చెయ్యకపోతుంటి.

మర్నాడు మధ్యాహ్నం. మా ఇద్దరి మంచాలు పక్కపక్కనే. జహేరా ఆపా ఆయనకు ఖిచిడీ, నాకు పల్చగ గంజి తెచ్చింది. సలీం భాయ్ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసిండు. నేను లేసిపోయి చెవి ఆయన మూతి కాడ పెట్టిన. నాతోని ఆయన ఎప్పుడు తెలుగే మాట్లాడ్తడు.

"తమ్మీ, నా పని అయిపోయిందనుకున్న. నీకు ఈతొస్తది, నువ్వన్న బతికి ఒడ్డుకు పోతవ్ అని చెయ్యి ఇడుస్తున్న. గప్పుడు నువ్వన్నవు కదా, నేను ఇడ్వ భాయ్, నేను ఇడ్వ అని. ఎన్నిసార్లన్నవ్! చెవుల చెప్పినట్టు సాఫ్‌గ ఇనవడ్డది. గందుకే మల్ల పట్టుకున్న."

నేను కాదని తల అడ్డంగ ఊపిన. నోరు తెరుద్దామంటె కుట్లు. నేను మర్యాదకు కాదంటున్న అనుకొని ఆయన నవ్విండు. జహేరా ఆపా లేసొచ్చి "జీతే రహో భాయ్" అని దీవిచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. నేను గోడ దిక్కు మర్లి ఏడ్సిన. కుట్లు గుంజుతున్నయేమో అని ఆపా నర్సును పిల్సింది.

ఆయన చెవులల్ల కూడ చలే గట్ల చేసిందనుకుందాం. మరి ఎరుకైన మాటే కదా ఇనవడాలె. నేను ఆయనతోని గట్లాంటి మాట జన్మల అనలే. ఎక్కిరింపులు తప్ప నా నోట్లకెళ్లి ఆయన ఏం ఇనలే. ఆ టైముకు నా నాలుక రెండు ముక్కలై ఉండె, సాఫ్‌గ మాటెట్ల వస్తది? వచ్చినా, నేను అప్పుడు గా మాట అనేటోన్నా?

నా నాలుక మానింది, మల్ల మునుపటి లెక్కనే వాగుతున్న. సలీం భాయ్ చెరువు పని ఇడ్సిండు. నేను శుక్రవారం శుక్రవారం యాకుత్‌పురా పోయి ఆయనతోని చాయ్ తాగొస్త. ఇంటికి ఎవలొచ్చినా నన్ను చూపిచ్చి, చెప్పమని ఆపాకు సైగ చేస్తడు. ఆపా చెప్తది, చావు ముంగట కూడ నేను ఇడ్వ భాయ్ అన్నది ఈ తమ్ముడే అని. వచ్చినోళ్లు నా చెయ్యి పట్టుకుంటరు.

ప్రతి శుక్రవారం నిజం చెప్దామనే పోత. ఆయన మొఖం చూసి, చాయ్ తాగి, మల్లొస్త. నా గొంతుతోని ఆ మాట అన్నదెవలో నాకు తెల్వదు. నేనైతె అనలే. నేను అప్పుడు వేళ్లు తీస్తున్న.