కోదాడ అంటే కోదాడ కాదు

మా టీచరమ్మ పోయిందని మిర్యాలగూడ నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను కొట్లో ఒకామె చేతికి గాజులు ఎక్కిస్తున్నాను. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాను. "పొద్దున మా ఇంట్ల చాయ్ తాగి కుర్సీల కూసున్నదమ్మా, ఇగ లేవలే" అన్నది చెల్లెలు. గాజు పిడికిలి దాటకముందే చెయ్యి వదిలేస్తే పుటుక్కున విరిగి గుచ్చుకుంటుంది. అందుకని ఆ చేతికి గాజులన్నీ ఎక్కించి, రెండో చేతికి కూడా వేసి, ఆమెను పంపించి, అప్పుడు ఏడ్చాను.

టీచరమ్మ నాకు చుట్టం కాదు. మాది ఆమెలా క్రిస్మస్ చేసుకునే ఇల్లు కూడా కాదు. సూర్యాపేటలో మాటలు రాని, నడక కుదరని, చదువు ఆలస్యంగా ఎక్కే పిల్లల కోసం నడిచే ఒక చిన్న బడిలో ఆమె టీచరు. పుట్టి పెరిగింది సరిహద్దు ఊరు కోదాడలో కాబట్టి మాటలో కాస్త ఆంధ్రా వాసన ఉండేది. రిటైరయ్యాక కూడా బడికి రావడం మానలేదు. మా శ్రావణి పదేళ్లు నిండాక ఆమె చేతిలో పడింది. ఈ రోజు మా పిల్ల మా ఇంట్లో, మా కళ్ల ముందు ఉందంటే అది టీచరమ్మ ఇచ్చిన ఒక క్రిస్మస్ కానుక చలవే. నవ్వేవాళ్లు నవ్వండి. నేను కళ్లారా చూసినదాన్ని.

డిసెంబరు వస్తే ఆ బడికి దాతలు వస్తారు. చిన్నపిల్లలకు బొమ్మలు తెస్తారు, పెద్దవాళ్లకు బట్టలు తెస్తారు. తంటా అంతా మధ్యలో ఉన్న పది, పదకొండు, పన్నెండేళ్ల వాళ్లతోనే. ఎత్తు చూస్తే అమ్మ భుజం దాకా ఉంటారు. చేతులేమో ఇంకా గుండీ పెట్టుకోవడం నేర్చుకుంటూ ఉంటాయి. ఒకసారి ఒక పెద్దాయన, మనసు మంచిదే పాపం, పన్నెండేళ్ల పిల్లకు గిలక్కాయ తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్ల దాన్ని తీసుకుని, అటూ ఇటూ చూసి, చున్నీ కింద దాచేసుకుంది. "చూశావా, సిగ్గుపడింది. మాటలు రాకపోతే సిగ్గు కూడా రాదనుకుంటారు జనం" అంది టీచరమ్మ నాతో. ఆ మరుసటి ఏటి నుంచి ఆ వయసు పిల్లల కానుకలు తానే కొంటానని దాతలకు చెప్పేసింది. బేరానికి నన్ను వెంట పెట్టుకుంది.

ఆమెతో బజారుకు పోవడమంటే మొదట్లో నాకు తల కొట్టేసినట్టుండేది. బొమ్మల కొట్లో ఒక్కో వస్తువు తీసి నొక్కేది, ఊపేది, చెవి దగ్గర పెట్టుకునేది, వాసన కూడా చూసేది. ఆఖరికి కొట్టాయన్ను మర్యాదగా అడిగేది.

"కింద పడేసి చూడమంటారా?"

"పడేస్తే పల్గుతది గద టీచరమ్మా!"

"మరి పిల్లలు పడేయరా అండీ?"

ఈమె దాన్ని జాగ్రత్తగా అక్కడే పెట్టేసి బయటికి నడిచేది. డబ్బా మీద రాసిన వయసు చూపిస్తే, "అది కంపెనీవాడికి తోచిన వయసు. మన పిల్ల ఆ కంపెనీలో పుట్టిందా?" అనేది. సెల్లులతో నడిచే బొమ్మలంటే అసలు పడదు. సెల్లులు అయిపోతే కథ కంచికే అని కొట్టిపారేసేది. నేను చవకగా వస్తుందని ఏదైనా పట్టుకొస్తే, "ఎన్నాళ్లు చేతిలో ఉంటుందో చెప్పు, అప్పుడు చవకో కాదో నేను చెప్తాను" అనేది. వ్యాపారం చేసుకునే నాకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు.

చివరికి మేం తేలేది ఇనుప సామాన్ల కొట్లో. పొద్దస్తమానం తలుపులు వేసి తీసే పిల్లాడు ఒకడుండేవాడు. వాడికి మూరెడు చెక్క మీద గడియ, గొళ్లెం, తాళంకప్ప, తలుపు పిడి బిగించి ఇచ్చింది. "ఇంట్ల తలుపులు సాలయా టీచరమ్మా, మల్ల గిదొకటా?" అని వాళ్లమ్మ నెత్తి కొట్టుకుంది. ఎండాకాలం వచ్చేసరికి ఆ పిల్లాడు స్నానాల గది గడియ లోపలి నుంచి తానే పెట్టుకుని, తానే తీసుకుని, తల తుడుచుకుంటూ బయటికొచ్చాడు. అంతకుముందు ఆ వయసులో కూడా వాడికి తలుపు తెరిచిపెట్టే స్నానం. వాళ్లమ్మ ఆ మాట చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కుదురుగా కూర్చోలేని ఇంకో పిల్లకు చింతగింజలు కడిగి ఎండబెట్టి, గట్టి జీన్సు గుడ్డలో రెండు పొరలుగా కుట్టించి, ఒళ్లో పెట్టుకునే దిండు చేయించింది. కంచం ముందు క్షణం కూడా కూర్చోలేని పిల్ల ఆ దిండు ఒళ్లో పెట్టుకుని అన్నం తినడం ముగించింది. "బరువు ఒళ్లో ఉంటే తన ఒళ్లు ఎక్కడుందో దానికి తెలుస్తుందమ్మా" అంది టీచరమ్మ, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. చింతగింజలు మా ఇంట్లో ఏటా చెత్తలో పోస్తాం.

మీ ఇంట్లోనో మీ వాడకట్టులోనో ఇలాంటి పిల్లలు ఉండి, ఈ డిసెంబరులో ఏం కొనాలా అని మీరు తల పట్టుకుంటే, ఆమె నాకు చెప్పిన మాటే మీకు చెబుతాను. "కొనే ముందు పిల్ల పక్కన ఊరికే కూర్చో. నువ్వేం ఇవ్వాలనుకుంటున్నావో మర్చిపోయేదాకా కూర్చో." అంతకుమించిన సలహా నా దగ్గర లేదు.

ఇక మా పిల్ల సంగతి. శ్రావణికి వచ్చిన మాట ఒక్కటే, కోదాడ. మా కొట్టు బస్టాండుకు ఎదురుగా ఉంటుంది. కోదాడ బస్సు ఆగేది సరిగ్గా మా ముందే. అందరి పిల్లలూ అమ్మా అంటే మా పిల్ల కండక్టరు కేక పట్టుకుంది. అన్నానికి ముందు కోదాడ, స్నానానికి ముందు కోదాడ, షట్టర్ దించబోతుంటే కోదాడ, కోదాడ, కోదాడ. మాకు అర్థం కాకపోతే తన మణికట్టు తానే కొరుక్కునేది. గోడకు నెత్తి కొట్టుకునేది. కొట్టు మూసే వేళ రోజూ యుద్ధమే.

పిల్ల అంతగా అడిగితే ఏ తల్లిదండ్రులైనా ఏం చేస్తారు? కోదాడ తీసుకెళ్లాం. బస్సు దిగి, "గిదే బిడ్డా కోదాడ, మంచిగ సూడు" అన్నాడు మా ఆయన. అది నేల మీద కూలబడి కోదాడ, కోదాడ అని ఏడ్చింది. కోదాడలో కూర్చుని కోదాడ కావాలని ఏడ్చే పిల్లను అక్కడివాళ్లు చోద్యంగా చూశారు. ఇంకే వీధికైనా పోవాలేమోనని ఆటో మాట్లాడి ఊరంతా తిప్పాం. ఏడుపు ఆగలేదు. హుజూర్‌నగర్‌లో ఉన్న మా ఆడబిడ్డ అయితే, "పోయిన జన్మల గాడనే పుట్టి ఉంటది వదినా" అని తేల్చేసింది.

ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు నవ్వే స్థితిలో లేం. మణికట్టు మీద పుండు మానేది కాదు. పదకొండేళ్ల పిల్ల బలం ముందు నా బలం చాలేది కాదు. మా ఆయన హైదరాబాద్ వెళ్లి, ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే హాస్టల్ చూసి, జనవరిలో తీసుకొస్తామని చెప్పి వచ్చాడు. "మనతోని కాదే ఇగ. గాడ సూస్కునేటోళ్లు ఉంటరు" అని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడని వీపు చూస్తేనే తెలిసింది.

టీచరమ్మకు చెప్పాను. "మా ఊళ్లో అంత ఏడవాల్సిందేముందమ్మా?" అని ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "జనవరి దాకా ఎవరూ ఎక్కడికీ వెళ్లొద్దు. దీని కానుక నేనింకా కొనలేదు. రేపటి నుంచి మీ కొట్లో కూర్చుంటా" అంది.

అన్నట్టే వచ్చి స్టూలేసుకుని మా పిల్ల పక్కన కూర్చునేది. గాజులకు వచ్చినవాళ్లు ఈమెవరా అని చూసేవాళ్లు. పిల్ల ఏమంటోందో ఆమె వినేది కాదు, ఎప్పుడంటోందో చూసేది. బస్సు వచ్చాక కండక్టరు ముందున్న సూర్యాపేట బోర్డు తీసి కోదాడ బోర్డు తగిలిస్తాడు. తగిలించి కేకేస్తాడు. మేం రోజూ చూసేదే, చూసీ చూడనిదే. ఒక మధ్యాహ్నం నేను అన్నం గిన్నె తీస్తుంటే శ్రావణి కోదాడ అంది. టీచరమ్మ లేచి వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మాయ్, మీ పిల్ల ఊరు అడగట్లేదు. ఇప్పుడెటు అని అడుగుతోంది."

నాకు అర్థం కాలేదు.

"ఒక పని అయిపోయి ఇంకోటి మొదలయ్యే ముందే అంటోంది, చూడు. బస్సుకైతే బోర్డు పెడుతున్నారు, ఎటు పోతుందో అందరికీ తెలుస్తోంది. దీనికి ఎవరూ పెట్టట్లేదు. తిండికో, స్నానానికో, ఇంటికో, చెయ్యి పట్టుకుని లాక్కుపోతున్నారు."

నా పిల్ల ఇన్నేళ్లుగా నోరు తెరిచి ఒకే ప్రశ్న అడుగుతోంది. అంత చక్కని ప్రశ్న. దానికి జవాబుగా మేం ఆటో మాట్లాడి కోదాడ తిప్పాం.

నంబర్ ప్లేట్లు రాసే పెయింటర్ దగ్గర ఆమె కానుక తయారైంది. బస్సు బోర్డు లాంటిదే, చిన్న చెక్క చట్రం. అందులోకి జారే రేకు పలకలు. పసుపు రంగు మీద నల్లక్షరాలు: అన్నం, స్నానం, బడి, కొట్టు, ఇల్లు, పడక. చెయ్యి కోసుకోకుండా అంచులు మడిపించింది. "దానికి చదువు రాదు గద టీచరమ్మా, బొమ్మలే పెద్దగ ఎయ్యిస్తె కాదా?" అన్నాను. "బొమ్మ కింద చిన్నగా వేయిద్దాం, అక్షరం పైన. పెద్దపిల్లమ్మా అది. బస్సు బోర్డు మీద బొమ్మలుంటాయా?" అంది.

మెరుపు కాగితం చప్పుడుకు చెవులు మూసుకునే పిల్లలకు ఆమె కానుకలు గుడ్డ సంచుల్లో ఇచ్చేది. వేదిక మీద నిలబెట్టి ఇవ్వడం, ఫోటోలు దిగడం ఉండవు. క్రిస్మస్ నాడు మా కొట్టుకే వచ్చి, సంచి పిల్ల ఒళ్లో పెట్టి, కేకు ముక్క నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. శ్రావణి పలకలన్నీ బయటికి తీసి చాలాసేపు వేలితో తడిమింది.

కొట్టు మూసే వేళయింది. చట్రంలోంచి కొట్టు అనే పలక తీసి, ఇల్లు అనేది దూర్చాను.

"కోదాడ?" అంది శ్రావణి.

పలక మీద వేలు పెట్టి చూపించాను. అది చూసింది. వేలు పెట్టి నల్లక్షరాలు దిద్దింది. స్టూలు దిగి, చెప్పులు వేసుకుని, వచ్చి షట్టర్ పక్కన నిలబడింది. కొరుక్కోలేదు, అరవలేదు. మా ఆయన సగం దించిన షట్టర్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఏమే, గిట్లెట్లనే?" అన్నాడు. ముగ్గురం ఇంటికి నడిచాం.

ఆ తర్వాత అన్నీ నల్లేరు మీద నడక కాలేదు. కొరుక్కున్న రోజులూ ఉన్నాయి. కానీ మణికట్టు మీద పుండు ఎండింది. జనవరి వచ్చి వెళ్లిపోయింది, హాస్టల్ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. చీర తీసుకుని దండం పెడదామని వెళితే టీచరమ్మ చీర మడత కూడా విప్పలేదు. "నేనేం చేశానమ్మా? అది చెప్తూనే ఉందిగా" అంది.

ఫోన్ వచ్చిన రోజు, శ్రావణికి ఎలా చెప్పాలో తెలియక ఒక అట్టముక్క కత్తిరించి, మిర్యాలగూడ అని రాసి చట్రంలో పెట్టాను. కొత్త పలక కదా, చాలాసేపు చూసింది. తర్వాత తన సంచి తాను సర్దుకుని బయల్దేరింది. ఇప్పుడది పద్నాలుగేళ్లది, నాకంటే ఎత్తు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఆ అట్టముక్క చేతిలోనే పట్టుకుంది.

సమాధుల తోటలో ప్రార్థన అయింది. అందరితో పాటు శ్రావణి కూడా పిడికెడు మట్టి వేసింది. బడి పిల్లల తల్లులు చాలామంది వచ్చారు. ఈసారి పిల్లలకు ఎవరు కొంటారని ఒకరినొకరు అడుగుతున్నారు. మెల్లగా అందరూ కదిలారు. నేను గోడ పక్కన బండ మీద కూర్చుండిపోయాను. "లెవ్వే, బస్సు పోతది" అని మా ఆయన రెండుసార్లు పిలిచాడు. లేచి ఎక్కడికి పోవాలో, పోయి ఏం చేయాలో నిజంగానే నాకు తోచలేదు.

శ్రావణి వచ్చి నా ముందు నిలబడింది. నా మొహంలోకి వంగి చూసింది. సంచిలో చెయ్యి పెట్టి, పలకలన్నీ గలగలమని కలిపి, ఒకటి వెతికి తీసింది. ఇల్లు అనే పలక నా ఒళ్లో పెట్టి, నేను లేచేదాకా అక్కడే నిలబడింది.