కొంగు కింద సర్పి

గిలకలదిండి నుంచి మా ఇంటికి చేపలు తెచ్చే అక్కకీ నాకూ స్నేహమంతా తగువుల మీదే నడుస్తుంది. ఆవిడ ధర చెప్పడం, నేను మండిపడడం, ఆవిడ బుట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోతున్నట్టు వీధి మలుపు దాకా నడవడం, మళ్లీ వెనక్కి రావడం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కాలేజీలో పిల్లలూ అంటారు, ఇంట్లో మా ఆయనా అంటారు. ఆవిడకి మాత్రం నవ్వు.

ఆ రోజు తగువు లేదు. నేనడిగిన ధరకే సరేనంది. ఎప్పుడూ చేప మొప్ప ఎత్తి ఎర్రదనం చూపించే మనిషి బుట్ట మీద చెయ్యే వెయ్యలేదు. కొంగు కుడి కంటి దాకా లాక్కుని, మొహం గోడవైపు తిప్పుకుని కూర్చుంది. నాకు అనుమానం వచ్చింది అక్కడే. ఏదో కనపడినందుకు కాదు, ఏదీ చూపించనందుకు.

కొంగు తియ్యమన్నాను. తియ్యనంది. నేనే లాగేశాను. నుదుటి మీద కుడివైపు నీటిపొక్కులు, గుత్తులు గుత్తులుగా జుట్టులోకి పాకి ఉన్నాయి. రెప్ప వాచిపోయింది. ముక్కు కొన మీద ఇంకో పొక్కు.

అమ్మవారు పోసిందని గుసగుసగా చెప్పింది. ఇంట్లో అమ్మవారుంటే గుమ్మానికి వేపమండ కట్టాలి. పొయ్యి మీద తాలింపు పడకూడదు, నీచు తగలకూడదు. చేపలమ్ముకునే ఇంట్లో నీచు లేకుండా ఎలా కుదురుతుంది? అందుకని మండ కట్టకుండా, కోడలికి కూడా చెప్పకుండా కొంగు కప్పుకుని తిరుగుతోంది. మందు మింగితే తల్లికి ఆగ్రహం, కాబట్టి డాక్టరు మాటే లేదు. నీచు బుట్ట దించని తప్పుకే తల్లి కంటి మీదికి వచ్చిందని ఆవిడ భయం. కన్ను సూదులతో పొడుస్తున్నట్టుందని చెబుతూనే, తనకి కావలసిందేనన్నట్టు మాట్లాడింది. నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది. ఏది ముందో చెప్పలేను.

నేను జువాలజీ పాఠాలు చెబుతాను. వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఒకటుంది. ఒంట్లో కణాలు తమ లోపల తయారవుతున్న ప్రొటీన్లలోంచి చిన్న చిన్న ముక్కలు తీసి పైపొర మీద పెట్టి చూపిస్తుంటాయి. కాపలా తిరిగే టి-కణాలు వాటిని తడిమి చూసుకుంటూ పోతాయి. వైరస్ ముక్క తగిలిందా, ఆ కణాన్ని చంపేస్తాయి. అయితే కొన్ని వైరస్‌లు గడుసువి. ఆటలమ్మ వైరస్ అయితే, ముక్కని పైకి మోసుకొచ్చే అణువునే దారిలో ఆపేస్తుంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఒళ్లు అంత తేలిగ్గా వదలదు. ఏ ముక్కా చూపించని కణాన్నే అనుమానించే కాపలా ఒకటుంది. దాన్నీ వైరస్ కొంత మభ్యపెడుతుంది. అప్పుడైనా సరే, చచ్చిన కణాల తుక్కుని మింగి, దగ్గర్లోని లింఫు గ్రంథిలోకి, అదే మనం బిళ్ల కట్టిందంటామే దానిలోకి, మోసుకెళ్లి, అక్కడి టి-కణాలకి చూపించే కణాలు వేరే ఉన్నాయి.

చిన్నప్పుడు ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ నరాల మొదట్లో దాక్కుంటుంది. ఒంట్లో సత్తువ తగ్గాక ఏదో ఒక నరం వెంట బయటికొస్తుంది. అదే సర్పి. నడుముకొస్తే మా వైపు ఎవరైనా పోల్చేస్తారు. మొహానికి రావడంతో ఆవిడ అమ్మవారనుకుంది.

ఇదంతా చెప్పబోతే, మీరు చర్చికెళ్లేవాళ్లు, మా తల్లి సంగతి మీకేం తెలుసని కొట్టిపారేసింది. అదీ సబబే. నేను లోపలికెళ్లి అద్దం తెచ్చి చేతిలో పెట్టాను.

చిన్నతనంలో ఆటలమ్మ పోసిందా అంటే పోసిందంది. ఎక్కడెక్కడ అంటే ఒళ్లంతా అంది. మరిప్పుడో చూసుకోమన్నాను. పొక్కులు నుదుటి మధ్య గీత గీసినట్టు ఆగిపోయాయి. ఎడమ పక్క ఒక్కటీ లేదు.

"తల్లి సగం మొహానికే వస్తుందా అక్కా?" అన్నాను.

ఆవిడ బొట్టు దాకా వేలితో తడుముకుంటూ చాలాసేపు చూసుకుంది. చెవి ముందర బిళ్ల కట్టిందని, అదీ శాపమేమో అనుకున్నానని మెల్లగా బయటపెట్టింది. శాపం కాదు, వైరస్ ముక్కలు చేరేదీ, వాటిని చూసి టి-కణాలు లేచేదీ అక్కడేనని చెప్పాను. నీ ఒళ్లు నిన్ను శిక్షించడం లేదక్కా, నీ తరఫున పోట్లాడుతోందంటే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికి కూడా అప్పటిదాకా ఏడవలేదు. అయితే ముక్కు కొనన పొక్కు లేచిందంటే కంట్లోకి దిగే ప్రమాదం ఎక్కువ, ఇవాళే మందు పడకపోతే చూపు దక్కదన్నాను. బుట్ట వైపు చూసింది. మా ఆయన చేపలన్నీ ఐసులో వేస్తానన్నాక లేచింది.

కంటి డాక్టరు రంగు చుక్క వేసి, నీలం లైటు పెట్టి చూశారు. అప్పటికే నల్లగుడ్డు మీదికి దిగిందన్నారు. ఎంత చూపు మిగులుతుందో ఇప్పుడే చెప్పలేనన్నారు. మాత్రలూ ఆయింట్‌మెంటూ రాసి, పొక్కులు మాడేదాకా కడుపుతో ఉన్నవాళ్లకీ పసిపిల్లలకీ దూరంగా ఉండమన్నారు. తాలింపు వెయ్యొచ్చా అని ఆవిడ అడిగితే, శుభ్రంగా వేసుకుని తినమన్నారు.

పొక్కులు మాడి మచ్చలు మిగిలాక మళ్లీ వెళ్లాం. డాక్టరు ఆవిడ ఎడమ కన్ను తన చేత్తో మూసి, నన్ను ఎదురుగా నిలబెట్టి, ఏం కనపడుతోందని అడిగారు. ఆవిడ మెడ ముందుకి చాచి కన్ను చికిలించింది. చివరికి, మంచు పట్టినట్టుంది గానీ మనిషిని పోలుస్తున్నానంది. ఇంతకంటే మెరుగవకపోవచ్చని డాక్టరు చెప్పేశారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంకాస్త ముందే ఆ కొంగు తీసి ఉంటే ఏం పోయేదని అక్కడే, డాక్టరు ముందే, ఆవిడ మీద విరుచుకుపడ్డాను.

ఆవిడ ఎడమ కంటి మీది చెయ్యి తియ్యనివ్వలేదు.

"ఈ కంటికి మీ కోపం కనపడ్డం లేదండి మేడంగారూ," అంది. "మీరొక్కరే కనపడుతున్నారు."