నాయనమ్మ పలకని పేరు

నా చిన్నప్పుడు రాయదుర్గంలో పొద్దున పదిన్నరకు సైరన్ మోగేది. మోగగానే అటకమీది గిన్నెలు దించి కింద పెట్టేవాళ్లం. ఆ పక్క గుట్టలను పేల్చి ఆఫీసు మేడలకు జాగా చేస్తున్నారు మరి. ఆ ఏడు పెత్రమాస నాడు మాత్రం మా ఇంట్లో ఎవరికీ గిన్నెల ధ్యాస లేదు.

పెత్రమాస అంటే పోయిన పెద్దల పేరు మీద పూజ చేయించే అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే అమావాస్య. మూడు తరాల పేర్లు చెప్పాలి. ఏటా మా తాతయ్యే చెప్పేవాడు. ఆ ఏడు పండుగకు నాలుగు రోజుల ముందే ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, దవాఖానలో ఉన్నాడు. మా నాన్నకు రెండు పేర్లే తెలుసు. మూడోది, కరువులో పాలమూరు నుంచి నడిచొచ్చి ఇక్కడి బండల మీద, రాళ్లు కొట్టి బతికే మా ఇంటి తొలి సుత్తి దెబ్బ వేసినాయన పేరు, ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు.

పేరు పిలవకపోతే పెద్దాయన గడప దాకా వచ్చి ఆకలితో తిరిగిపోతాడని మా నాయనమ్మ నమ్మకం. తాతయ్య ప్రాణం మీదికి వచ్చిన వేళ ఆయన్ను అలా పంపితే ఏమవుతుందోనని వణికిపోతోంది. విచిత్రమేమిటంటే ఆ పేరు ఆమెకు తెలుసు. వాడకట్టంతా ఆమె నోటికి జడిసేది గాని, భర్త పేరు, అత్తింటి మగపెద్దల పేర్లు మాత్రం ఆ నోట రాకూడదు. నాన్న బతిమాలాడు, కసిరాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇంకా నాలుగిళ్లకు పోవాలని అయ్యగారు రెండుసార్లు అన్నారు.

అప్పుడు నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

"నేను చెప్ప బిడ్డా. నువ్వు చెప్పు. అదే అయితే తలకాయ ఊపుత."

దీపావళి దాటాక మనం ఏ జాతరకు పోతామని అడిగింది. కురుమూర్తి జాతరకు అన్నాను. ఆ సామి పేరే ఆయనకూ పెట్టారట. కురుమూర్తా? కాదు. కురుమన్నా? కాదు. అంతలో సైరన్ మొదలైంది. కురుమయ్యా అన్నాను. నాయనమ్మ తల ఊపింది. గుట్ట పేలి నేల అదిరినా ఊపుతూనే ఉంది.

లోపలికి పరుగెత్తబోతూ ఆగాను. ఆయన ఒక్కడే వచ్చాడా అని అడిగాను.

"ఒక్కడెట్లొస్తడు? నెత్తిమీద గంప, కడుపుల పిల్ల, ఆమె గూడ నడిచింది."

మరి ఆమె పేరు పలకొచ్చా అన్నాను.

"పలకొచ్చు. ఎవలడిగిండ్రు?"

బుచ్చమ్మ. ఆ పేరు ఏ అడ్డూ లేకుండా పలికింది. నేను రెండు పేర్లూ చెప్పగానే నాన్న మమ్మల్నిద్దరినీ ఒకసారి చూసి, చేటలో ఇంకో దోసెడు బియ్యం పోశాడు. అయ్యగారు బుచ్చమ్మనూ పిలిచారు.

తాతయ్యకు మాట సగమే తిరిగొచ్చింది, అదే చాలనుకున్నాం. ఆ పెత్రమాస సాయంత్రమే నాయనమ్మను ఆమె పేరేమిటని అడిగాను. తొమ్మిదేళ్లు ఆమె చేతి అన్నం తిన్నాను, పేరు తెలియదు. ఆమె సిగ్గుపడింది. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

ఇప్పుడు నా జుట్టూ నెరుస్తోంది. అన్నదమ్ములు లేరు కాబట్టి ఆడపిల్లనైనా మా పెద్దలకు నేనే బియ్యం ఇస్తున్నాను. అయ్యగారు పేర్లు అడిగినప్పుడు కురుమయ్య, బుచ్చమ్మల కన్నా ముందు ఒక పేరు చెబుతాను, గట్టిగా చెబుతాను. బాలమణి.