నాలుగో మనిషి చేతిలో పగ్గం

బన్సీలాల్‌పేట్ మెట్లబావి వెనక గల్లీలో ఓ మాట తిరిగింది. వీరయ్య వాళ్ల తాత పర్వతాలు మొదటి ప్రపంచ యుద్ధంలో గుర్రపు దళంలో ఉండి, సర్కారు గుర్రాన్ని అమ్ముకుని పారిపోయి వచ్చాడట. అది పచ్చి అబద్ధం. వీరయ్య తన ముసలి గుర్రం చాందినిని ఇచ్చేస్తున్నాడని తెలిసిన రోజే, కిషన్ ఇస్త్రీ బండి దగ్గర ఆ మాట పుట్టింది.

"తాత బుద్ధే మన్మనికి వచ్చింది" అన్నాడట కిషన్, చొక్కా మడత పెడుతూ.

వీరయ్య ఎదురింటి కాంతమణికి ఏ సంగతైనా మొదలూ తుదీ తెలిస్తేగానీ అన్నం సయించదు. నీకెవరు చెప్పారని కిషన్‌ను అడిగితే, పాలు పోసే రాఘవేందర్ పేరు చెప్పాడు. రాఘవేందర్‌ను అడిగితే, కిషన్ పేరు చెప్పాడు. ఇక మిగిలింది వీరయ్యే. కానీ ఆ మాట ఎత్తడానికి అంతటి కాంతమణికీ నోరు రాలేదు.

వీరయ్యకు డెబ్బై రెండేళ్లు. నలభై ఏళ్లుగా పెళ్లి బరాత్‌లకు గుర్రాలను నడిపిస్తున్నాడు. మారేడ్‌పల్లి నుంచి అల్వాల్ దాకా ఎందరు పెళ్లికొడుకులను ఎక్కించాడో లెక్కలేదు. తను మాత్రం ఎక్కడు. పగ్గం పట్టుకుని పక్కన నడుస్తాడు. బ్యాండు చెవులు చిల్లులు పడేలా మోగినా, చాందిని చెవి తిప్పేది అతని గొంతుకే. భార్య పోయాక ఇంట్లో అతనూ, వెనక కొట్టంలో అదీ. ఇప్పుడు పెళ్లికొడుకులు జీపులెక్కుతున్నారు. వీరయ్య మోకాళ్లూ అరిగాయి. శామీర్‌పేట అవతల పిల్లలకు స్వారీ నేర్పే తోటవాళ్లు చాందినిని అడిగారు. ఆదివారం బండి వస్తుంది.

శుక్రవారం నాడు కాంతమణి క్యారెట్ ఆకులు కొంగులో పోసుకుని కొట్టంలోకి వెళ్లింది. వీరయ్య గోనెపట్టాతో గుర్రం వీపు రుద్దుతున్నాడు. ఆమె పర్వతాలు తాత ఊసెత్తగానే, ఎందుకొచ్చిందో అతనికి అర్థమైనట్టుంది. రుద్దడం ఆపకుండానే చెప్పుకొచ్చాడు.

ఆ యుద్ధంలో ఈటెలు పట్టుకుని గుర్రాలతో శత్రువు మీదికి దూకడం ఎప్పుడో గానీ ఉండేది కాదట. మెషిన్‌గన్ల ముందు గుర్రం ఏం నిలుస్తుంది? చాలాసార్లు దిగి, నేలమీద పాకుతూ కాల్చాల్సిందే. నలుగురు రౌతుల్లో ముగ్గురు దిగి ముందుకు పోతే, నాలుగోవాడు నాలుగు గుర్రాల పగ్గాలూ పట్టుకుని దిబ్బ చాటున నిలబడాలి. పర్వతాలు ఆ నాలుగో మనిషి. గుండ్లు పడుతుంటే గుర్రాలతో మాట్లాడుతూనే ఉండేవాడు. అతను పగ్గాలు వదిలితే ఆ ముగ్గురికీ తిరుగుదారి లేదు. యుద్ధం ముగిశాక, ఈడు మళ్లిన గుర్రాలను ఇంటికొచ్చే ఓడ ఎక్కించలేదు. అక్కడి బజారులోనే అమ్మించింది సర్కారు. తన గుర్రం పగ్గాన్ని ఎవరో పరాయివాడి చేతిలో పెట్టమని హుకుం వచ్చింది. పెట్టాడు.

"ఎవని చేతుల పెట్టిండో పేరు సుత తెల్వదు ఆయనకు" అన్నాడు వీరయ్య. "సచ్చేదాక గదే పరేషాన్."

శనివారం పొద్దున కాంతమణి కిషన్ బండి దగ్గర నిలబడి సంగతంతా పూస గుచ్చినట్టు చెప్పింది. కిషన్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి విన్నాడు. తప్పయిందని ఒప్పుకున్నాడు కూడా.

"అయితే జెర చెప్పక్కా. ఇప్పుడు ఈయన చేస్తున్నది సుత గదే కదా?"

కాంతమణి ఆ ప్రశ్న మోసుకునే ఇంటికి వచ్చింది. ఆ రోజంతా ఆమెకు ఏ పనీ తోచలేదు.

ఆదివారం బండి వచ్చింది. వీరయ్య చాందినిని వాలుగా ఆనించిన చెక్క మీదుగా బండి లోపలికి నడిపించి, పగ్గం చేతికి చుట్టుకుని దాని పక్కనే నిలబడ్డాడు. డ్రైవరు తలుపు వేయబోతుంటే కాంతమణి అడ్డం వెళ్లింది.

"వీరయ్యా, సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. మీ తాతను అంత ఏడిపించిన పని, నువ్వు కోరి చేస్తున్నావేంటి?"

వీరయ్య గడ్డిమోపు వెనక నుంచి చిన్న రేకుపెట్టె ముందుకు జరిపి, దాని మీద కూర్చున్నాడు. జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నేను పగ్గం ఎవ్వరికీ ఇస్తలేనక్కా. దాని ఎంబడి నన్ను సుత ఉంచుకుంటేనే పంపుతా అన్న. ఆడ ఓ రూమిచ్చిన్రు. నువ్వు జెర నా తులసికి నీళ్లు పోస్తుండు."