రోలుకు మొలిచిన జుట్టు

యరగేరలో మా ఇంటి వెనక ఒంటిరెక్క ఎర్ర మందారం ఒకటుంది; మా వైపు దాసవాళ అంటారు. దాని మీద నేను చాలా కోతలు కోశాను. అది చేసిన మేలు మాత్రం కోత కాదు.

రెండేళ్ల కింద మా ఇంటామెకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గాని, దువ్వెన పెడితే జుట్టు గుత్తులుగా ఊడొచ్చేది. మాడు కనిపించేసరికి గడప దాటడం మానేసింది. ముదగల్‌లో నాలుగైదు నెలల్లో జరగబోయే చెల్లెలి శ్రీమంతానికి కూడా రానంటే రానంది. జుట్టు కొన్నాళ్లకు అదే మొలుస్తుందని డాక్టరన్నాడు. ఆమె నమ్మలేదు.

మా అమ్మ రోజు విడిచి రోజు గుప్పెడు మందారం ఆకులు రోట్లో నూరేది. ఆ జిగురు పట్టించి కడిగితే దురద పోయి నెత్తి చల్లబడేది. పూలు కొబ్బరినూనెలో నల్లబడేదాకా సన్న మంట మీద కాచి వడగట్టేది. మిగిలిన రేకులను తాగడానికి మరిగించి నిమ్మకాయ పిండితే నీళ్లు ఒక్కసారిగా ఎర్రగా వెలిగేవి. ఒక్క చెట్టుకు ఎన్ని విద్యలో!

నేను ఊరుకోవచ్చు కదా? చాయ్ హోటల్లో కూర్చుని, “మా అమ్మ ఆకు నూరిన రోలుకు తెల్లారేసరికి జుట్టు మొలిచింది. మంగలిని పిలిపించినం” అన్నాను.

“అరె, మన దాసవాళకు గింత తాకతా?” అని చాయ్ పోసేటాయన నోరు తెరిచాడు.

అందరూ నవ్వారు. మర్నాడు నేనూ అమ్మా పొలం పోయినప్పుడు, నవ్వినవాళ్ల ఇంటి ఆడవాళ్లే సంచులతో వచ్చి చెట్టు ఆకంతా దూసి పట్టుకుపోయారు. మా ఆమె ఇంట్లోనే ఉంది. ఆ నెత్తితో బయటికి రాలేక, తలుపు సందులోంచి చూస్తూ కూర్చుంది.

“నీ కతలతోని చెట్టును గూడ బోడి చేయిస్తివి. నాకు జత కుదిరింది” అంది. నవ్వుతూ అనలేదు.

పొద్దున్నే సిరవార బస్సెక్కాను. అక్కడ కాలువ పక్కన కోస్తా నుంచి వచ్చిన రైతుల ఇంటికి మందారం కంచే ఉంది. యరగేర నుంచి వచ్చానని చెప్పి ఆకులడిగితే ఆ ఇల్లాలు నన్ను ఎగాదిగా చూసింది.

“యరగేరా? రోలుకి జుట్టు మొలిచిన ఊరేనా అండీ? మా అమ్మాయికీ ఊడిపోతోంది. నిజం చెప్పండి, మొలుస్తుందా?”

నాలుక మీద కథ తయారుగానే ఉంది. మింగేశాను.

“మొలిపిస్తదో లేదో నాకు తెల్వదమ్మా. డాక్టరైతే అదే వస్తదన్నడు. గానీ ఇది పెట్టిన రోజు మా ఆమె గోక్కోకుండ నిద్రపోతది. గంతే.”

“అంతైనా చాలండి. కోసుకోండి, కొమ్మలు మాత్రం విరవకండి.”

వారం వారం వెళ్లి తెచ్చాను. మూడో నెలకు నెత్తంతా నల్లటి నూగు, తర్వాత అంగుళం జుట్టు. డాక్టరుదో, మందారానిదో, మా అమ్మ చేతిదో ఆ గొప్ప! శ్రీమంతం నాడు మా ఆమె దానికి నూనె రాసి, కొంగు కప్పుకోకుండానే బస్సెక్కింది.

పక్క సీటామె ఆగలేక అడిగింది, “ఏందక్కా, కటింగ్ చేయించినవా?”

“ఔ, హైదరాబాద్‌ల. నెల ముందుగాల నంబర్ పెట్టాలె, ఊకెనే దొరకదు” అంది మా ఆమె.

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.