రాజమల్లు సారు సగం వాక్యం

తొర్రూరు బస్టాండు వెనక గల్లీలో రాజమల్లు సారు ట్యూషన్ ఎక్కడని ఎవరినడిగినా చెప్పేవారు. ఇంటి అరుగు మీదే ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెప్పాడాయన. పాలకుర్తి నుంచి కూడా పిల్లలు ఆటోల్లో వచ్చేవారు. పుస్తకంలోని వాక్యాలంటే ఆయనకు ఒళ్లుమంట. "ఆ జాన్ ఎవడు, మనకేమైతడు? మీ ఇంట్ల ముచ్చట చెప్పుండ్రి" అనేవాడు. సగం వాక్యం తాను అని, ఒకరి వైపు వేలు చూపించి మిగతా సగం చెప్పించేవాడు. చెప్పేది నిజమై ఉండాలి, అంతే.

'యూజ్డ్ టు' పాఠం రోజున అరుగంతా సందడే. ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు అని చెప్పుకునే మాట అది. "మై గ్రాండ్‌ఫాదర్ యూజ్డ్ టు..." అని సారు ఆగితే, "స్మోక్ చుట్ట" అని ఒకడు అందుకునేవాడు. బడి గడప తొక్కని ఆయన భార్య చిలుకమ్మకు, వంటింట్లోంచి వినీ వినీ ఆ మాట వంటబట్టింది. ఆమె ఊరికే వినే మనిషీ కాదు. "చాయ సల్లగయింది. నీ ఇంగ్లీషు పాడుగాను, పిల్లలను ఇండ్లకు తోలవా?" అని లోపలి నుంచే వాయించేది. పిల్లలు ముసిముసిగా నవ్వితే, "మై వైఫ్ ఈజ్ స్కోల్డింగ్" అని సారు ఆ తిట్లనూ పాఠంలో కలిపేసేవాడు.

ఒకసారి, తల్లి పోయిన కొత్తలో, నీరజ అనే పిల్ల వంతు వచ్చింది. "మై మదర్ యూజ్డ్ టు..." అనేశాక సారు నాలిక కరుచుకున్నాడు. అయినా వేలు పక్క పిల్ల మీదికి జరపలేదు. "తొందరేం లేదు బిడ్డా" అని కూర్చున్నాడు. చాలాసేపటికి, "కోంబ్ మై హెయిర్" అని నీరజ భోరుమంది. చిలుకమ్మ నూనె సీసా పట్టుకొచ్చి, అక్కడే ఆ పిల్లకు జడ వేసింది.

నిరుడు వానల్లో సారుకు పక్షవాతం వచ్చింది. కాలు కొంత కుదుటపడింది గానీ మాట పడిపోయింది. మాట్లాడిస్తూ ఉండమని, ఆలస్యమైతే ఇక రాకపోవచ్చని దవాఖానలో చెప్పారు. ఆనాటి నుంచి చిలుకమ్మ గొంతు పెంచలేదు. "తింటవా, జర పండుకుంటవా" అంటూ ఇంటికొచ్చిన చుట్టానికి చేసినట్టు మర్యాదలు చేసేది. ఆమె ఎంత మెత్తగా పలకరిస్తే ఆయన అంతగా గోడ వైపు తిరిగేవాడు. ఆయన గొంతు మళ్లీ వింటానా అని ఆమెకు ఒకటే దిగులు.

మొన్న ఆదివారం నీరజ వచ్చింది. ఇప్పుడు చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. అరుగు మీద తన పాత చోటే చూసుకుని కూర్చుంది.

"సార్, ఇయ్యాల సగం నేనంట. మిగిలింది మీరు చెప్పాలె."

ఏవేవో సగాలు అంది. సారు పెదవులు కదిలాయి, మాట రాలేదు.

"ఇడిసిపెట్టు బిడ్డా, పరేషాన్ అయితడు" అంది చిలుకమ్మ.

"తొందరేం లేదమ్మా. నా కోసం సారు ఆగలేదా?"

నీరజ వేలు చూపించింది. "మై వైఫ్ యూజ్డ్ టు..."

ముగ్గురూ కూర్చున్నారు. గ్లాసులో చాయ చల్లారిపోయింది. సారు మెడ నరాలు బిగుసుకున్నాయి.

"స్... స్కోల్డ్" అన్నాడు, చిలుకమ్మనే చూస్తూ.

ఆమెకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని గ్లాసు అందుకుంది.

"చాయ సల్లగయింది. నీ ఇంగ్లీషు పాడుగాను." మొదట గొంతు వణికింది గానీ, తర్వాత గల్లీ అంతా వినపడేలా లేచింది. "ఇన్నొద్దులు నోరు మూసుకొని కూసుంటివి, ఇగ చూడు నా సంగతి."

సారు వంకరపోయిన మూతితోనే నవ్వాడు.