నల్లగోడల టీచరమ్మ

బచ్చన్నపేట నుంచి జనగామ వచ్చే పొద్దుటి ట్రిప్పులో, కిక్కిరిసిన బస్సు నడుమ ఇరుక్కుని టికెట్లు కొడుతుంటే ఫోన్ మోగింది. డ్యూటీలో నేను ఫోన్ ఎత్తను. కానీ తెర మీద ‘టీచరమ్మ’ అని పడింది. ఆమె ఎప్పుడూ సాయంత్రమే చేస్తుంది. ఎత్తితే ఆమె గొంతు కాదు, ఆమె చెల్లెలి గొంతు.

“బిడ్డా, అక్క పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, గ్లాసు పక్కకు వెట్టింది, గట్లనే గోడకు ఒరిగింది.”

నేను కండక్టర్ని. నా గొంతు వెనక సీటు దాకా వినబడుతుందని డిపోలో అందరూ ఎగతాళి చేస్తారు. అలాంటి నాకు జనగామ బస్టాండు వచ్చేదాకా మాట పెగలలేదు. చిల్పూరు బస్సు ఎక్కడాగుతుందని ఒక ముసలాయన అడిగితే చేత్తో చూపించాను. మా డ్రైవరు అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. బస్సు ఆపి, సంగతి తెలుసుకుని, “అక్కా, నువ్వు రైలుకు పో. డిపోల నేను చెప్పుకుంట,” అన్నాడు. టికెట్ మిషన్ అప్పజెప్పి, యూనిఫాం కూడా మార్చుకోకుండా మహబూబాబాద్ రైలెక్కాను.

ఆమె గురించి పేపర్లో ఏమీ రాలేదు, రాదు కూడా. ఒక పేటలోని చిన్న సర్కారు బడిలో పాతికేళ్లకు పైగా ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఒక్కతే చెప్పింది. అంతే ఆమె చరిత్ర. కానీ నేను చూసిన మనుషుల్లో అంత పెద్ద మనిషి ఇంకొకరు లేరు. ఇది దుఃఖంలో అంటున్న మాట కాదు. ఆరేళ్ల వయసులో ఆమెను నోరు తెరుచుకుని చూశాను, ఇప్పటికీ ఆ నోరు మూతపడలేదు.

మాది తండా. ఇంట్లో మాట్లాడేది మా భాష, తెలుగు కాదు. బాపుకు మిర్చి మార్కెట్‌లో హమాలీ పని దొరికితే, మహబూబాబాద్‌లో రైలు పట్టాల ఇవతలి పేటకు వచ్చి గుడిసె వేసుకున్నాం. యాడి, అంటే మా అమ్మ, మిరపకాయల తొడిమెలు తీసే పనికి పోయేది. నన్ను పక్కన కూచోబెట్టుకుంటే ఆ ఘాటుకు నేను రోజంతా తుమ్మేదాన్ని. ఆ తుమ్ములు పడలేకనే నన్ను బడిలో వేశారని యాడి ఇప్పటికీ చెబుతుంది.

బడి అంటే బడి కాదు. మూతపడ్డ రైస్‌మిల్లు వరండా. సొంత ఇల్లు లేదు, బోర్డు లేదు. టీచరమ్మ గోడనే బోర్డు చేసింది. ప్రతి శనివారం మధ్యాహ్నం మాకు అదే పని. పెద్దపిల్లలు బొగ్గు నూరేవాళ్లు, చిన్నపిల్లలం చిక్కుడాకు, దొండాకు తెచ్చి నలిపేవాళ్లం. ఆ పసరులో బొగ్గుపొడి కలిపి గోడకు రుద్దితే, సోమవారానికల్లా నల్లగా నిగనిగలాడేది. మోచేతుల దాకా నలుపుతో ఇంటికి పోతే అమ్మలు తిట్టేవాళ్లు. టీచరమ్మ చేతులు కూడా మా చేతుల్లాగే ఉండేవి కాబట్టి ఆ తిట్లు ఎక్కువసేపు సాగేవి కావు.

హాజరు పిలిస్తే మా బడిలో ఎవరూ ‘ప్రెజెంట్’ అనేవాళ్లు కాదు. పొద్దున ఏం తిన్నామో చెప్పాలి. ఆమె పేరు పిలిచి, “ఏం కూర?” అనేది. పప్పు, చింతకాయ తొక్కు, రాత్రి అన్నం, చాయ్‌లో బన్ను, ఇలా సాగేది ఆ హాజరు. ఏమీ చెప్పకుండా తల దించుకున్నవాళ్లను ఆమె మళ్లీ అడిగేది కాదు. కాసేపయ్యాక వాళ్లనే పిలిచి, “జర నా డబ్బా పట్టుకో, అండ్ల అటుకులున్నయి, మెత్తవడ్డయో లేదో తిని చూడు,” అనేది. అటుకులు మెత్తబడ్డాయో లేదో చూడ్డం గౌరవమైన ఉద్యోగమని మేం చాలాకాలం నమ్మాం.

నాకు తెలుగు రాదు. మొదటిరోజు నా వంతు వస్తే బిత్తరపోయి, తిన్నదాని పేరు మా భాషలోనే అన్నాను: “బాటి.” పిల్లలు గొల్లుమన్నారు. టీచరమ్మ నవ్వలేదు. నల్లగోడ మీద పెద్ద అక్షరాలతో ‘బాటి’ అని రాసి, “గిది వీళ్లింట్ల రొట్టె. అందరు సదువుండ్రి,” అంది. నలభైమంది పిల్లలు మా రొట్టె పేరును గొంతెత్తి చదివారు. నేను మొదట నేర్చుకున్న తెలుగు అక్షరాలు మా ఇంటి మాటవే. ఆ వేళ నాకు కలిగిన గర్వం, ఈ ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

అయినా మాట్లాడేదాన్ని కాదు. ఆ ‘బాటి’ ఒక్కటే రోజూ చెప్పి కూచునేదాన్ని. ఆ మౌనమే మా బడి మీదికి వచ్చింది.

మిర్చి సీజన్ మొదలవుతుండగా మిల్లు యజమాని బస్తాలు పెట్టుకోవాలని, ఖాళీ చేయమన్నాడు. పక్కవీధి చర్చివాళ్లు వరండా ఇస్తామన్నారు. ఒక పొద్దున చాపలు, బిందె, రిజిస్టర్లు తలా ఒకటి ఎత్తుకుని బడి బయల్దేరింది. నేను మరీ చిన్నదాన్ని, ఏదీ మోయలేను. టీచరమ్మ నన్ను నల్లగోడ ముందు నిలబెట్టింది.

“నువ్వు గీడ నిలవడు. ఎవలన్న వస్తె, బడి చర్చి కాడికి పోయిందని చెప్పు. ఏమని చెప్తవ్?”

నాలుగుసార్లు చెప్పించింది, నాలుగుసార్లూ చెప్పాను. నాకూ ఒక పని దొరికిందని గోడకు వీపు ఆనించి నిటారుగా నిలబడ్డాను. అప్పుడే మోటారుసైకిల్ మీద తనిఖీ సారు వచ్చాడు. నల్లకళ్లద్దాలు, చంకలో ఫైలు. “బడేది?” అన్నాడు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. చెప్పాల్సిన మాట తల నిండా ఉంది, నోట్లోకి దిగలేదు. నేను వెనక్కి తిరిగి, చేత్తో గోడ చూపించాను.

ఆయన గోడను చూశాడు. నిన్నటి ఎక్కాలు దాని మీద అలాగే ఉన్నాయి. ఖాళీ వరండా చూశాడు. అప్పుడే దిగుతున్న మిర్చి బస్తాల ఘాటుకు రెండుసార్లు తుమ్మి, ఫైల్లో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

మూడురోజులకు కాగితం వచ్చింది. చెప్పిన చోట బడీ లేదు, పిల్లలూ లేరు, ఉన్నవాళ్లను పెద్దబడిలో కలపాలని దాని సారాంశం. పెద్దబడి పట్టాల అవతల ఉంది. రైళ్లు వచ్చిపోయే పట్టాలు దాటించి ఆరేడేళ్ల పిల్లల్ని ఎవరు పంపుతారు? పేటంతా ఒకటే మాట: “ఆడివిల్లలను ఇంట్లనే ఉంచుడే.” యాడి నా బడి సంచిలోంచి పలక తీసి, అందులో మిర్చి పనికి కావలసిన పాతగుడ్డ పెట్టింది. నేను చేత్తో గోడ చూపించినందుకు నలభైమంది చదువు పోతోందని నాకు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పే నోరే ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు కదా.

ఆ సాయంత్రం టీచరమ్మ మా గుడిసెకు వచ్చింది. నేను యాడి వెనక నక్కాను. ఆమె నేలమీద కూచుని, యాడి పెట్టిన బాటి తొక్కుతో తిని, నీళ్లు తాగి, అప్పుడు అంది:

“తప్పు నీ బిడ్డది కాదు, నాది. మాట నేర్పిన గని ధైర్నం నేర్పలె. రేపు దీన్ని తోలియ్యి. బడిని తీస్కపోయేది ఉన్నది.”

“ఏడికి?” అంది యాడి.

“సారుకు బడి దొరకలేదంట. మనమే తీస్కపోయి సూపిద్దం.”

మర్నాడు పొద్దున్నే రిజిస్టరు, బిందె, బొగ్గు డబ్బా, ఆకుల మూట పట్టుకుని బడి మళ్లీ బయల్దేరింది. పట్టాల దగ్గర గేటు పడితే ఆగాం. గూడ్సుబండి పోయేదాకా ఆమె మా చేత డబ్బాలు లెక్కపెట్టించింది. సారు ఆఫీసు చేరాక లోపలికి పోలేదు. ప్రహరీగోడ పక్కన మమ్మల్ని వరసగా కూచోబెట్టి, కొంగు బిగించి, ఆకులు నలపడం మొదలుపెట్టింది. అటెండరు పరుగెత్తుకొచ్చాడు.

“ఓ టీచరమ్మా, సర్కారు గోడకు మసి పూస్తున్నవేంది?”

“బడి కూడ సర్కారుదేనన్నా. గంటల ఆరుతది, జర ఆగు.”

ఆరకముందే పాఠం మొదలైంది. హాజరుకు నలభైమందిమి నలభై కూరలు చెప్పాం. ఆఫీసు పనుల మీద వచ్చిన రైతులు, చాయ్ తాగేవాళ్లు, చుట్టూ జనం మూగారు. ఆమె కాగితం గురించి, ఆ సారు గురించి ఒక్క మాటా అనలేదు, ఎవరినీ బతిమాలలేదు. పచ్చిగా మెరుస్తున్న గోడ మీద సుద్దముక్క జారిపోతున్నా వదలకుండా రెండో ఎక్కం రాస్తోంది. ఆమె ముక్కు మీద మసి మరక. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఆరేళ్ల పిల్లకు ఒళ్లు గగుర్పొడుస్తుందా అంటారేమో. పొడుస్తుంది.

తనిఖీ సారు బయటికొచ్చాడు. గోడ చూశాడు, మమ్మల్ని చూశాడు. నన్ను గుర్తుపట్టాడు.

“ఆనాడు మిల్లు కాడ నిలబడ్డది నువ్వే కదా? బడేదంటె గోడ సూపించినవు?”

టీచరమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు. గోడవైపు తిరిగి రాసుకుంటూనే ఉంది. అందుకేనేమో, నాకు నోరు వచ్చింది.

“బడి గీడనే ఉన్నది సార్,” అన్నాను.

సారు లోపలి నుంచి ఫైలు తెప్పించుకుని, రాసినది కొట్టేసి, మెట్లమీదే నిలబడి మమ్మల్ని లెక్కపెట్టి రాసుకున్నాడు. ఆయనా మంచివాడే. పోయేటప్పుడు అటెండరుతో మాకు బిస్కెట్లు తెప్పించాడు. దారిలో టీచరమ్మ నన్నేమీ మెచ్చుకోలేదు. “రేపటి సంది హాజరు నువ్వే పిలువు,” అని మాత్రం అంది.

ఆ తర్వాత బడి చర్చి వరండా నుంచి ఎవరిదో సగం కట్టిన ఇంటికి, అక్కడి నుంచి ఇంకోచోటికి మారింది. పోయిన ప్రతిచోటా ఒక నల్లగోడ మిగిలేది. తుడిచేద్దామా అంటే, “ఉండనియ్యుండ్రి. మనకన్న ఎక్కువ పాఠాలు ఇన్నది గదే,” అనేది. నేను హాస్టలుకు పోయాక బడికి సొంత భవనం వచ్చింది. ఆమె రిటైరైన కొన్నేళ్లకు పిల్లల్లేక అది మూతపడింది. పేటలోకి పసుపురంగు బడివ్యాన్లు వచ్చేశాయి. ఆ మాట అంటూ నేను ఫోన్లో ఏడిస్తే ఆమె నన్నే కసిరింది: “పిల్లలు సదువుకుంటున్నరా లేదా? ఎక్కడైతేంది?” తర్వాత ఎప్పటిలాగే అడిగింది, “ఏం కూర?” నేను ఆ పూట తినలేదు. పప్పు అని అబద్ధం చెప్పాను. ఆమె మళ్లీ అడగలేదు, తెలిసిపోయిందని నాకూ అర్థమైంది. అదే ఆఖరి ఫోను.

మహబూబాబాద్‌లో దిగి పేటకు పోతే నాకే దారి తెలియలేదు. జిల్లా అయ్యాక ఊరు మారిపోయింది. సందులకు సందులు జిరాక్స్ షాపులు, దవాఖానలు, నాలుగంతస్తుల మేడలు. చర్చిని కొత్తగా కట్టారు. మిల్లు చాలావరకు ఫంక్షన్‌హాలు అయింది. ఎలాగో ఇల్లు చేరుకుని ఆమె పాదాలు ముట్టుకున్నాను. కుడిచేతి వేళ్ల చివర్లు సుద్దకు అరిగినట్టే ఉన్నాయి. చెల్లెలు నా భుజం పట్టుకుని అంది: “బిడ్డా, వచ్చెటోళ్లు దారి దొర్కక పరేషాన్ అయితున్నరు. ఫోన్ల మీద ఫోన్లు. జర మూల మీద నిలవడి చెప్పరాదు?”

మూల మీదికి వచ్చాను. ఫంక్షన్‌హాలుకు ఇవతల రేకులు దింపుకుని ఒక టైలరు కూచున్నాడు. అతని వెనక గోడ నల్లగా ఉంది. మిల్లులో మిగిలిన ఒకే ఒక్క గోడ. దాని మీద అతను దర్జీ సుద్దతో కొలతలు రాసుకున్నాడు: నడుము, భుజం, చేతి పొడవు. “గీ నలుపు ఎన్నిసార్లు సున్నమేసినా పైకి తేల్తది మేడం. ఇగ రాసుకోవడానికి పనికొస్తదని ఇడిసిపెట్టిన,” అన్నాడు.

నేను దానికి వీపు ఆనించి నిలబడ్డాను. వాళ్లు వస్తూనే ఉన్నారు. ఆటోల్లో, బండ్ల మీద, నడిచి. లారీ డ్రైవర్లు, నర్సులు, భూపాలపల్లి గనుల నుంచి డ్యూటీ దిగి అలాగే వచ్చినవాళ్లు, మనవల్ని వెంటబెట్టుకున్న ఆడవాళ్లు. నా ఖాకీ చూసి నన్నే అడిగారు: “టీచరమ్మ ఇల్లెటు అక్కా?” బస్సులో అరిచే గొంతుతో, ఒక్కొక్కరికీ చెప్పాను. వచ్చినవాళ్లతో సందు నిండిపోయింది, ఇంకా వస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఒక్క మనిషి ఇంతమందిని పేరుపేరునా తిన్నావా అని అడిగిందా అని ఆశ్చర్యం, అంతే.

పాడె లేస్తోందని కబురొచ్చింది. ఇంకా రావలసినవాళ్లున్నారు, నేను పోవాలి. టైలరును సుద్దముక్క అడిగి, కొలతల మధ్య ఖాళీ వెతికి, ‘టీచరమ్మ ఇటు’ అని రాసి, బాణం గుర్తు వేసి పరుగెత్తాను.

పదకొండోరోజుకు మళ్లీ పోయాను. టైలరు అక్షరాలు చెరపలేదు. చోటు చాలక కొత్త కొలతలు గోడ అంచుల దాకా ఎక్కించాడు. ఎవరిదో చిన్నపిల్ల గౌను కొలత, బాణానికి తగలకుండా, పక్కకు జరిపి రాసి ఉంది.